కట్టిన చీరే

లీలాకుమారి తిన్న కంచం తనే కడుక్కుంది. జరిగింది అంతే. దానికే జనమంతా గుండెలు బాదుకున్నారు.

జూబ్లీహిల్స్‌లో షూటింగులకి అద్దెకిచ్చే బంగళా అది. వెనకవైపు మామిడిచెట్టు, దాని పక్కన తోటమాలి వాడుకునే కుళాయి. మధ్యాహ్నం బ్రేక్ చెప్పారు. యూనిట్ మొత్తం టెంటు కింద చేరి ప్లాస్టిక్ డబ్బాల్లో వచ్చిన భోజనం మీద పడింది. తినగలిగినంత తిని, మిగిలినదాని మీద మూత నొక్కి, మూలనున్న పెద్ద నల్ల సంచిలోకి విసురుతున్నారు. సగం తాగిన నీళ్ల సీసాలు గడ్డిలో దొర్లుతున్నాయి. ఎవరి సీసా ఏదో ఎవరికీ గుర్తుండదు కాబట్టి దాహమైన ప్రతివాడూ కొత్తది తీస్తాడు. ఒకరి ఎంగిలి ఒకరికి పనికిరాదు గానీ, అందరి ఎంగిలీ కలిపి ఊరవతల ఎవరి నెత్తిన పోసినా ఇండస్ట్రీకి పట్టింపు లేదు.

లీలాకుమారి మామిడిచెట్టు కింద గట్టు మీద కూర్చుంది. ఆ రోజు ఆమె సీను పొద్దున్నే అయిపోయింది. కాస్ట్యూమ్ ఇచ్చేసి, తన మామిడిపండు రంగు నేతచీర కట్టుకుంది. పోయినవారం ట్రైలర్ ఫంక్షన్‌కి కట్టింది కూడా ఆ చీరే. కేరవాన్‌లో తనొక్కదాని కోసం ఏసీ ఎందుకని జనరేటర్ ఆపించేసింది. గుడ్డసంచిలోంచి స్టీలు కంచం తీసి, ప్రొడక్షన్ వాళ్ల గిన్నెలోంచి అడిగి వడ్డించుకున్న అన్నం మెతుకు మిగలకుండా తిని, కుళాయి దగ్గర కూర్చుని కంచం తోమింది. తర్వాత తన స్టీలు సీసా అదే కుళాయి కింద పెట్టింది. తాగడానికి కాదు, కడగడానికి. కానీ చూసేవాడికి ఆ తేడా ఎక్కడ తెలుస్తుంది?

ఆమె టచప్ మనిషి మల్లమ్మ పక్కన నిలబడి ఉడికిపోతోంది. షేక్‌పేట మనిషి. లీలాకుమారి మొహానికి పౌడర్ అద్దడంలోనే ఆమె జుట్టు కూడా నెరిసింది.

"అమ్మా, ఆ బండిలకు వోయి తినరాదు? గీడ అందరు జూస్తున్నరు."

"చూడనీ. అన్నం తినడం తప్పా?"

"తినుడు తప్పు గాదు. గీ కడుగుడే మంచిగ లేదు. నేను సచ్చిన్నా కడగనీకి?"

"నోర్ముయ్, ఏం మాటలే అవి! నా కంచం నేను కడుక్కుంటే నీకేంటి కష్టం?"

"నాకేం కష్టం లేదు. కష్టమొస్తే నీకే."

ప్రొడక్షన్ మేనేజర్ బసవపున్నయ్య పళ్లు కుట్టుకుంటూ అటే వచ్చాడు. ఎవరినైనా నవ్వుతూనే పొడవడం ఆయన అలవాటు.

"పోయినేడాది ఆ చెత్తకుప్ప దగ్గర సీను చేసిన రోజు పూనిందండీ లీలమ్మగారికి. ఇంకా దిగలేదు. ఏమండీ, మీరొక్కరు మానేస్తే భూమి చల్లబడిపోద్దా?"

"చల్లబడదు పున్నయ్యగారూ. ఆ కుప్పలో మన కంపెనీ పేరున్న డబ్బా నా కాలికి తగిలింది. ముందురోజు నేను తిని పారేసిందే అయ్యుండొచ్చు. ఆ రోజు నుంచీ అన్నం దిగట్లేదు. లోకం సంగతి నాకెందుకు, నా వాటా నేను తగ్గించుకుంటున్నా."

"తగ్గించుకోండి, తగ్గించుకోండి. ఇక్కడ తగ్గినట్టు కనపడితే వేషాలు కూడా తగ్గుతాయి మరి," అని గొంతు దించాడు. "నవ్వులాటకి కాదండీ. శుక్రవారం మన డైరెక్టర్ సృజన్ సినిమా ముహూర్తం. మొదటి షాటే మీ మీద. కాస్త పెద్దమనిషిలా కనపడండి."

ఆ మాటకి లీలాకుమారి మొహం వెలిగింది. ఎన్నో ఏళ్లుగా ఆమె చేస్తున్నది ఒక్కటే వేషం. ట్రేలో కాఫీ పట్టుకొచ్చి "తాగి వెళ్లు బాబూ" అనడం, హీరో తాగకుండా వెళ్లిపోతే గుమ్మంలో నిలబడి చూడటం. సృజన్ కథలో అమ్మమ్మ అలా కాదు. కోటంత ఇల్లున్న మనిషి, మొండిది, సినిమా అంతా ఆమె చుట్టూనే తిరుగుతుంది. లుక్ టెస్ట్ రోజు ఆ అమ్మమ్మ డైలాగు ఒకటి చెప్పి లీలాకుమారి ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చింది, సంతోషానికి. ఈ వేషం చేశాక ఇంక ఏ వేషమూ రాకపోయినా ఫరవాలేదనుకుంది.

గోడ అవతల ఎవరో ఫోను పైకెత్తి పట్టుకున్న సంగతి ఆమె చూడలేదు. మల్లమ్మ చూసింది గానీ, హీరోని తీస్తున్నారనుకుంది.

*

మర్నాడు పొద్దున తెనాలి నుంచి చెల్లెలి ఫోన్, ఎత్తీ ఎత్తగానే ఏడుపు.

"అక్కా! మేమంతా చచ్చామనుకున్నావా? ఒక్కమాట చెప్పకూడదూ?"

"ఏం చెప్పాలే? ఏమైంది?"

"ఇంకా ఏమవ్వాలి! కుళాయి నీళ్లు తాగి కడుపు నింపుకుంటున్నావంటగా!"

చెల్లెలు పంపిన వీడియో లీలాకుమారి కళ్లజోడు పెట్టుకుని చూసింది. 'తిండికి గతిలేక... లీలాకుమారి దీనస్థితి! చూస్తే కన్నీళ్లు ఆగవు!' అని ఎర్ర అక్షరాలు. వెనక వయొలిన్ ఏడుస్తోంది. తను కంచం తోముతోంది. తను కుళాయి కింద సీసా పెడుతోంది. తను గుడ్డసంచి భుజాన వేసుకుని చెక్‌పోస్ట్ మెట్రో మెట్లెక్కుతోంది. ఆఖర్న ట్రైలర్ ఫంక్షన్ ఫొటో, నిన్నటి ఫొటో పక్కపక్కన పెట్టి, చీర చుట్టూ ఎర్రగా సున్నా చుట్టారు. 'కట్టుకోవడానికి ఇంకో చీర కూడా లేదా?' అని ఓ మగగొంతు గద్గదంగా అడుగుతోంది.

ముందు ఆమె పడీపడీ నవ్వింది. ఏం దిక్కుమాలిన తెలివిరా మీది అనుకుంది. బీరువా తలుపు తీసి లోపలి చీరలన్నీ వీడియో తీసి పంపుదామా అని కూడా అనుకుంది. ఆ నవ్వు ఎర్రగడ్డ దాకా కూడా నిలవలేదు.

కూరలకి ఆమె ఎర్రగడ్డ రైతుబజారుకి పోతుంది. కవర్ లేకుండా సంచిలోకే తూచి పోసే నీలమ్మ దగ్గరే కొంటుంది. ఆ రోజు నీలమ్మ బెండకాయలు మామూలు కంటే ఎక్కువ పోసింది, టమాటాలు అడక్కుండానే వేసింది. డబ్బులిస్తే చెయ్యి వెనక్కి నెట్టింది.

"ఉండనీ అమ్మా. నా బిడ్డ ఫోన్ల చూపెట్టింది. నాకెర్కలేక నీతోని గిన్ని దినాలు పైసలు తీస్కున్న. మనసున పెట్టుకోకు."

"నీలమ్మా, అదంతా అబద్ధం! నాకేం తక్కువ లేదు."

"ఎవలకైనా వస్తది అమ్మా కాలం. షరమ్ ఏంది దీంట్ల," అని నీలమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

లీలాకుమారి డబ్బులు బెండకాయల కుప్ప మీద పెట్టి గబగబా వచ్చేసింది. మెట్రోలో ఒక అమ్మాయి లేచి సీటిచ్చింది. మామూలప్పుడైతే పెద్దదాన్నని ఇచ్చిందిలే అనుకునేది. ఇప్పుడు ఆ అమ్మాయి కళ్లలోకి చూడలేక తల తిప్పుకుంది.

ఫిలింనగర్‌లో ఆమె ఫ్లాట్ ముందు జనం కాచుకుని ఉన్నారు. ఏదో అభిమాన సేవాసమితి. దాని అధ్యక్షుడు పృథ్వీరాజ్ అనే కుర్రాడు. వాచ్‌మన్‌తో మాట్లాడి అప్పుడే గేటుకి ఫ్లెక్సీ కట్టించేశాడు. దాంట్లో లీలాకుమారి ఫొటో అరచేతిలో పట్టేంత, పృథ్వీరాజ్ ఫొటో నిలువెత్తు. బియ్యం బస్తా, నూనె ప్యాకెట్లు, పప్పులు, సబ్బులు, వాటన్నిటికీ మళ్లీ మెరిసే ప్లాస్టిక్ చుట్టి పైన రిబ్బను కట్టారు. పూలగుత్తికి ఇంకో ప్లాస్టిక్ చుట్టు. ఎండకి వచ్చిన జనమంతా తలా ఒక నీళ్ల సీసా తాగి గేటు దగ్గర పడేశారు.

"నాకేం లోటు లేదు బాబూ," అంది లీలాకుమారి. "చెత్త పెంచడం ఇష్టంలేక స్టీలు సీసా పట్టుకు తిరుగుతున్నా. కట్టిన చీర మళ్లీ కట్టుకుంటున్నా. ఇదంతా నేను కావాలని చేస్తున్నదే నాయనా. ఇవన్నీ నిజంగా లేనివాళ్లకి ఇవ్వండి."

పృథ్వీరాజ్ చేతులు జోడించాడు. తర్వాత ఫోన్ కెమెరా వైపు తిరిగాడు. "చూసిన్రా ఫ్రెండ్స్, గింత కష్టంల కూడా అమ్మ ఆత్మాభిమానం చూడున్రి. లేదు అని ఒక్క మాట అంటలేదు."

"ఒరేయ్, నేను చెప్పేది వినవేంరా!" అని అరిచింది లీలాకుమారి. కోపానికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్ల కోసమే చూస్తున్నట్టు ఫోన్లన్నీ దగ్గరికొచ్చాయి.

సాయంత్రానికి రెండో వీడియో వచ్చింది. 'సాయం అందుకుని బోరున ఏడ్చేసిన లీలాకుమారి.'

వద్దన్నా వాళ్లు లోపల దింపిపోయిన ఆ ప్లాస్టిక్ అంతా హాల్లో పెట్టుకుని ఆమె కూర్చుంది. ఏడాదిగా ఒక్క కవర్ ఇంట్లోకి రానివ్వకుండా కాపాడుకున్న హాలు అది. నూనె ప్యాకెట్ల మీది రిబ్బను విప్పుతుంటే, ఛీ, ఎందుకు మొదలుపెట్టానురా దేవుడా అని మొదటిసారి అనిపించింది.

*

బసవపున్నయ్య ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు. "డైరెక్టర్‌గారు ఓసారి ఆఫీసుకి రమ్మంటున్నారండీ. కార్లో రండి, దణ్ణం పెడతా."

"ఫిలింనగర్‌లో ఈ వీధి నుంచి ఆ వీధికి కారేంటండీ!" అని నడిచే వెళ్లింది. మల్లమ్మ వెనకే గొణుక్కుంటూ వచ్చింది.

సృజన్ వయసులో చిన్నవాడు. మనిషి మంచివాడు. మంచివాళ్లకి చెడ్డమాట చెప్పడం చేతకాదు. కాఫీ తెప్పించాడు, ఏసీ పెంచాడు, తగ్గించాడు, ఫోను బోర్లా పెట్టాడు. పేపరు కప్పులో వచ్చిన కాఫీని లీలాకుమారి సంచిలోంచి తీసిన తన స్టీలు గ్లాసులో పోసుకుంటుంటే అతను కళ్లు దించుకున్నాడు.

"చెప్పు బాబూ. వేషం పోయిందా?"

"అయ్యో లేదమ్మా! అంటే... నా సైడ్ నుంచి అస్సలు లేదు. మీరు తప్ప ఎవరూ చెయ్యలేరు. మీరు చేసేదంతా మీ ప్రిన్సిపుల్ అని నాకు తెలుసు. ప్రాబ్లమ్ చలపతిరావుగారితో. ప్రొడ్యూసర్ కదా, ఆయనకి సెంటిమెంట్స్ ఎక్కువ. ఓపెనింగ్ షాట్... కష్టాల్లో ఉన్న మనిషి మీద తీస్తే... సినిమాకి కూడా..."

అతను పూర్తి చెయ్యలేకపోయాడు. చెయ్యక్కర్లేదు కూడా. మొదటి షాట్‌లో ఏడుపు ఉండకూడదు, ఖాళీ గిన్నె ఉండకూడదు, తుమ్మినవాడు ఆ చుట్టుపక్కల ఉండకూడదు. ఆ సంగతి లీలాకుమారి కొత్తలో నేర్చుకున్నదే. ఇప్పుడు ఆ జాబితాలో తనూ చేరింది.

"నాకు దరిద్రం లేదు బాబూ, అంటుకోవడానికి."

"తెలుసమ్మా. కానీ లేనట్టు కనపడాలి కదా."

టీపాయ్ మీద సినిమా పత్రిక పడి ఉంది. అట్ట మీద ఈ సినిమా హీరోయిన్ గీతిక. చేతిలో స్టీలు సీసా, ఒంటిమీద సాదా నేతచీర. 'కట్టిన చీరే మళ్లీ కట్టి మనసులు గెలిచిన గీతిక! భూమి కోసం ఒక అడుగు' అని రాశారు. లీలాకుమారి దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, రెండుసార్లు చదివింది.

"ఈ అమ్మాయి కట్టిన చీర కడితే గొప్ప, నేను కడితే దరిద్రమా బాబూ?"

సృజన్ ఇబ్బందిగా కదిలాడు. అతనికి అబద్ధం చెప్పడం కూడా రాదు. "తనకి ఉన్నాయని అందరికీ తెలుసు కదమ్మా."

లీలాకుమారి పత్రిక ఎక్కడిదక్కడ పెట్టేసింది. లేనివాడు మానేస్తే అది లేమి, ఉన్నవాడు మానేస్తేనే త్యాగం. తను ఎటూ కాకుండా మధ్యలో ఉంది.

"శుక్రవారం ఒక్కరోజు మంచి కార్లో దిగండమ్మా," అన్నాడు సృజన్ బతిమాలుతున్నట్టు. "కొత్త పట్టుచీర. ఇద్దరు అసిస్టెంట్లు. ఆ సంచీ, గ్లాసూ మాత్రం... ఆ ఒక్కరోజుకే. ఆయన కళ్లతో చూస్తే చాలు, మనసు మారిపోతుంది. లేకపోతే వేరే ఆవిడ డేట్స్ అడుగుతానంటున్నారు."

తిరిగి నడిచొస్తుంటే మల్లమ్మ నోరు విప్పింది. "ఒక్క దినమే గద అమ్మా. ఏసం కట్టుడు మనకు కొత్తనా? నీకు పని లేకుంటే నాకు పనున్నదా? నా ముచ్చట ఇడిసిపెట్టు. ఆ అమ్మమ్మ ఏసం లేకుంటే నువ్వు బతుకుతవా?"

మాటల్లోనే ఇల్లు వచ్చేసింది. గేటు దగ్గర పృథ్వీరాజ్ మనుషులు పడేసిన సీసాలు ఇంకా అలాగే ఉన్నాయి. ఒక్కతే మెట్రోల్లో తిరిగి, ఒక్కతే కంచం మోసి, ఏడాదంతా తను ఆపిన చెత్త ఎంతని చూసుకుంటే, తనని ఉద్ధరించడానికొచ్చిన వాళ్లు ఒక్కపూటలో అంతా కుమ్మరించి పోయారు. కుప్ప అలాగే ఉంది. తన వాటా తీసేసినా దాని ఎత్తు తగ్గలేదు.

"ఆ కారేదో పంపమని చెప్పవే మల్లీ," అంది మెట్లెక్కుతూ.

*

శుక్రవారం నల్లటి పెద్ద కారు వచ్చింది. మల్లమ్మ, ఆమె అక్క కూతురు బాలమణి, ఇద్దరూ అసిస్టెంట్లలా ఎదురుగా నిలబడ్డారు. కొత్త పట్టుచీరకి కవర్, దాని లోపల ఇంకో కవర్, మడతల మధ్య పల్చటి ప్లాస్టిక్ కాగితాలు. జాకెట్ ముక్కకి వేరే కవర్. అవన్నీ విప్పి మంచం మీద పడేస్తుంటే లీలాకుమారి అటు చూడకుండా గోడకేసి తిరిగి నిలబడింది.

"సంచి?" అంది మల్లమ్మ.

"నీ బ్యాగ్‌లో అడుక్కి తొయ్యి. సీసా కూడా."

బసవపున్నయ్య దారిలోనే ఫోన్ చేశాడు. "స్టూడియో గేటు బయట ఆగకండి లీలమ్మగారూ. డైరెక్టుగా లోపల ఫ్లోర్ ముందుకి రండి. చలపతిరావుగారు అక్కడే నిలబడి ఉన్నారు." కారు ముందే చేరిపోయింది. ముహూర్తానికి ఇంకా టైముంది, హారతి పళ్లెం కూడా రాలేదు. చలపతిరావుగారు ఇటు తిరిగేదాకా దిగొద్దన్నాడు బసవపున్నయ్య. ఇంజన్ ఆడుతూనే ఉంది. ఆపమందామని లీలాకుమారి నోరు తెరిచి, మూసుకుంది. చల్లగాలి మొహానికి కొడుతూనే ఉంది.

చలపతిరావుగారు ఇటు తిరిగారు. కారు చూశారు, చీర చూశారు, వెనక ఇద్దరు మనుషుల్ని చూశారు. ఆయన మొహం విప్పారింది.

"రండి రండి లీలాకుమారిగారూ! ఆ వీడియోలేవో చూసి నేనూ కంగారుపడ్డాను సుమండీ. మీరేంటి, కుళాయి దగ్గర కంచాలు కడగడమేంటి అనుకున్నా!"

"అవన్నీ గిట్టనివాళ్లు పుట్టించినవండీ," అని లీలాకుమారి నవ్వింది. కాఫీ ట్రే పట్టుకుని ఇన్నేళ్లూ నవ్విన నవ్వే అది, అలవాటైనదే. ప్రొడక్షన్ అతను చల్లటి ప్లాస్టిక్ సీసా మూత తీసి అందిస్తే అందరికీ కనపడేలా పట్టుకుంది. వేషం నిలిచింది. ఆ సంగతి సృజన్ కళ్లలో తెలిసింది. గుండెల మీంచి బండ దిగినట్టై, ఒక్క క్షణం నిజంగానే సంతోషపడింది పాపం.

అప్పుడు గేటు దగ్గర గోల లేచింది. గీతిక వస్తోంది. జూబ్లీహిల్స్ ఇంటి నుంచి నడిచే వచ్చిందట, ఖాళీ కారు వెనకాలే మెల్లగా పాకుతూ వస్తోంది. సాదా నేతచీర, చేతిలో స్టీలు సీసా. ఫొటోలవాళ్లు వెనక్కి వెనక్కి నడుస్తూ తీస్తున్నారు. ఆ పిల్లలో కల్మషం లేదు. వచ్చి లీలాకుమారి పాదాలకి దండం పెట్టింది. లేచి ఆమె చేతిలో ప్లాస్టిక్ సీసా చూసి నొచ్చుకుంది.

"అమ్మా, ఒకటి చెప్తే ఏమీ అనుకోరు కదా? ఈ ప్లాస్టిక్ బాటిల్స్ వద్దమ్మా. ఇది భూమిలో కలవడానికి కొన్ని వందల ఏళ్లు పడుతుంది. మనం ఒక్కొక్కళ్లం మానేస్తే చాలు. మన వంతు మనం తగ్గించుకోవాలి కదా."

కెమెరాలన్నీ దగ్గరికొచ్చాయి. చలపతిరావుగారు మెచ్చుకోలుగా తలాడిస్తున్నారు. వెనక మల్లమ్మ చెయ్యి బ్యాగ్‌లోకి పోవడం లీలాకుమారి ఓరకంట చూసింది. చప్పున ఆ మణికట్టు పట్టుకుని నొక్కింది.

"నిజమేనమ్మా," అంది లీలాకుమారి. "మాకు ఇవన్నీ ఎవరు చెప్తారు? తెలీక వాడేస్తున్నాం."

గీతిక కరిగిపోయి తన స్టీలు సీసా ఆమె చేతుల్లో పెట్టింది. "ఇవాళ్టి నుంచి ఇది మీదమ్మా."

లీలాకుమారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఎప్పుడూ చూడని వస్తువుని చూసినట్టు వేలితో మూత నొక్కింది, లాగింది. "దీని మూత ఎలా తియ్యాలమ్మా?" అని అడిగింది. అందరూ ముచ్చటపడి నవ్వారు. గీతిక ఓపిగ్గా తిప్పి చూపించింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లలో ఆమె నటనకి సెట్లో చప్పట్లు పడటం అదే మొదలు.

కెమెరాలు అటు వెళ్లగానే గీతిక మేనేజర్ వచ్చి మెల్లిగా సీసా తీసుకున్నాడు. "సారీ మేడం, ఇది యాడ్ షూట్‌కి కావాలి. మీకు వేరేది పంపిస్తాం."

కొబ్బరికాయ కొట్టి, మొదటి షాట్ లీలాకుమారి మీదే తీశారు. అమ్మమ్మ గుమ్మంలో నిలబడి, "నా ఇంట్లో నా మాటే చెల్లుతుంది" అనాలి. ఒక్క టేక్‌లో ఓకే అయింది. సృజన్ వచ్చి ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆమె కుర్చీలో కూలబడింది. గొంతు ఎండిపోయింది.

"అమ్మా," అంది మల్లమ్మ వంగి, ఎవరికీ వినపడకుండా. "మన సీసల నీళ్లున్నయి. తియ్యాల్నా?"

"వద్దే. కనపడనియ్యకు."

ప్రొడక్షన్ అతను ఇందాకటి సీసా తీసి పక్కనున్న నల్ల సంచిలో పడేశాడు. దాంట్లో నీళ్లు ఇంకా సగం పైనే ఉన్నాయి. కొత్త సీసా మూత తిప్పి, వంగి, మర్యాదగా అందించాడు. లీలాకుమారి చెయ్యి చాచి తీసుకుంది.